తెవికీలో పరిణామ అల్గారిథమ్‌ల వ్యాసాలు, కాపీ పాఠ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు వికీపీడియాలో (తెవికీలో) కంప్యూటర్ శాస్త్రం మీద రాసేవాళ్లూ, వచ్చిన వ్యాసాలను చదివి సరిదిద్దేవాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాం. పరిణామ అల్గారిథమ్ అంటే పరిష్కారాల గుంపులోంచి మంచివాటిని ఎంచుతూ, కలుపుతూ, కొద్దిగా మారుస్తూ తరం తర్వాత తరం మెరుగుపరిచే కంప్యూటర్ పద్ధతి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి.

## రాయడానికి కూర్చునే ముందు

"జెనెటిక్ అల్గారిథమ్" అని వెతికితే ఏమీ రాలేదు. అంటే వ్యాసం లేనట్టేనా?

అలా అనుకోలేం. ఈ ఒక్క మాటకే తెలుగులో అల్గారిథమ్, అల్గారిథం, అల్గోరిథమ్, అల్గొరిదమ్, ఆల్గోరిదం అని ఐదు రాతలున్నాయి. ముందుమాట జెనెటిక్, జెనిటిక్, జన్యు, జన్యుపర అని ఇంకో నాలుగు రకాలు. అందుకని తెలుగులో వెతకడం కన్నా ఇంగ్లీషు వికీపీడియాలో ఆ వ్యాసం తెరిచి, భాషల జాబితాలో తెలుగు ఉందేమో చూడటం మేలు. అక్కడా లేకపోతే వికీడేటాకు (వేర్వేరు భాషల వ్యాసాలను కలిపే చోటు) కలపని అనాథ పేజీ ఏదైనా ఉందేమో చూడాలి. దానికి తెవికీ వెతుకులాట పెట్టెలో "ఉత్పరివర్తనం", "హాలండ్" లాంటి లోపలి మాటలతో వెతకండి. మొలక (చిన్న అసంపూర్ణ వ్యాసం) దొరికితే దాన్నే పెంచండి, రెండోది పెట్టొద్దు. ఏమీ దొరక్కపోతే కొత్త పేజీ సృష్టించి, మిగిలిన రాతలన్నిటి నుంచీ దారిమార్పులు (ఆ పేరుతో వెతికినా ఈ పేజీకే తెచ్చేవి) పెట్టండి. రెండు నిమిషాల పని ఇది. చేయకపోతే ఆరు నెలల తర్వాత ఇంకొకరు వేరే స్పెల్లింగుతో అదే వ్యాసం మళ్లీ మొదలుపెడతారు.

పరిణామ అల్గారిథమ్, జన్యు అల్గారిథమ్ ఒకటే కదా? రెండు వ్యాసాలెందుకు?

ఒకటి కాదు. పరిణామ అల్గారిథమ్ అనేది కుటుంబం పేరు, జన్యు అల్గారిథమ్ అందులో ఒక శాఖ. 1960లలో ఈ ఆలోచన కనీసం మూడు చోట్ల విడివిడిగా పుట్టింది. బెర్లిన్‌లో ఇంగో రెచెన్‌బర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్ ఇంజినీరింగ్ ఆకృతులను మెరుగుపరచడానికి పరిణామ వ్యూహాలు తయారు చేశారు. అమెరికాలో లారెన్స్ ఫోగెల్ పరిణామ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలండ్ జన్యు అల్గారిథమ్‌ల మీద పనిచేశాడు, ఆయన పుస్తకం 1975లో వచ్చింది. తర్వాత జాన్ కోజా జన్యు ప్రోగ్రామింగ్‌కు 1992 నాటి పుస్తకంతో ప్రాచుర్యం తెచ్చాడు. రైనర్ స్టోర్న్, కెన్నెత్ ప్రైస్‌ల భేదాత్మక పరిణామం 1995లో నివేదికగా, 1997లో పత్రికా వ్యాసంగా వచ్చింది. వీటన్నిటినీ "జన్యు అల్గారిథమ్" పేజీలో కుక్కేస్తే చరిత్ర తప్పుతుంది.

చీమల దండు, పక్షుల గుంపు పద్ధతులు సాధారణంగా స్వార్మ్ ఇంటెలిజెన్స్ కిందికి వెళ్తాయి. వాటికి వేరే వ్యాసం పెట్టండి. ఇక్కడ ఒక వాక్యంలో ప్రస్తావిస్తే చాలు.

అన్నీ ఖాళీగానే ఉన్నాయి. ముందు ఏది రాయాలి?

"పరిణామ అల్గారిథమ్" గొడుగు వ్యాసం ముందు. తర్వాత "జన్యు అల్గారిథమ్", ఎందుకంటే విద్యార్థులు వెతికేది దాన్నే. ఆ తర్వాత యోగ్యతా ప్రమేయం (పరిష్కారం ఎంత మంచిదో కొలిచేది), వినిమయం (రెండు పరిష్కారాలు భాగాలు మార్చుకోవడం), ఉత్పరివర్తనం (యాదృచ్ఛికంగా చేసే చిన్న మార్పు). వీటికి విడి పేజీలు అక్కర్లేదు, జన్యు అల్గారిథమ్ వ్యాసంలో విభాగాలుగా రాసి దారిమార్పులు పెట్టండి. జీవశాస్త్రంలోని ఉత్పరివర్తనంతో పేరు కలుస్తుంది కాబట్టి దారిమార్పు పేరులో "అల్గారిథమ్‌లు" అనే మాట చేర్చాలి. నాలుగు మొలకల కన్నా నిండుగా ఉన్న ఒక్క వ్యాసం పాఠకుడికి ఎక్కువ పనికొస్తుంది.

తెలుగు పదాలు వాడాలా, ఇంగ్లీషు పదాలే తెలుగు లిపిలో రాయాలా?

పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట ఉంటే అదే వాడండి. ప్రమేయం, సంభావ్యత, సదిశ, మాత్రిక, యాదృచ్ఛికం, విస్తృతి, అభిసరణ ఇంటర్ గణితంలో, డిగ్రీ సాంఖ్యకశాస్త్రంలో ఉన్నవే. ప్రకృతి వరణం, ఉత్పరివర్తనం, వినిమయం, క్రోమోజోము జీవశాస్త్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఈ రంగం తన మాటలను జీవశాస్త్రం నుంచే అరువు తెచ్చుకుంది కనుక తెలుగులోనూ అక్కడి నుంచే తేవడం సబబు.

స్థిరపడిన మాట లేనిచోట కొత్తది పుట్టించే పని మీది కాదు. ఆప్టిమైజేషన్, కోడ్, సాఫ్ట్‌వేర్, బిట్ అలాగే రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో అర్థం చెప్పండి.

రెండు మాటల దగ్గర జాగ్రత్త. "జనాభా" అంటే తెలుగు పాఠకుడికి మనుషుల లెక్కే గుర్తొస్తుంది, అందుకని మొదటి వాడకంలోనే "ఒక తరంలో ఉన్న పరిష్కారాల మొత్తం" అని వివరించండి. దానికి బదులు "సమూహం" వాడితే, స్వార్మ్ గురించి రాసేటప్పుడు అదే మాట మళ్లీ కావలసి వచ్చి చిక్కు పడుతుంది. రెండోది "వరణం". ప్రకృతి చేసేది వరణం, ప్రోగ్రాము చేసేది ఎంపిక. ఈ తేడా పాటిస్తే వాక్యాలు తేలికపడతాయి.

మా గైడు కనిపెట్టిన కొత్త అల్గారిథమ్ మీద వ్యాసం పెట్టొచ్చా?

కనిపెట్టినవాళ్లు కాక వేరేవాళ్లు దాన్ని గురించి వివరంగా రాసి ఉంటేనే. వందలసార్లు ఉదహరించారన్నది ఒక్కటే చాలదు. ఏదైనా సమీక్షా వ్యాసమో, హ్యాండ్‌బుక్కులో అధ్యాయమో, బయటివాళ్లు చేసిన పోలికో ఉండాలి. ఈ రంగంలో ఇది మరీ ముఖ్యం. తోడేళ్లు, తిమింగలాలు, గబ్బిలాలు అంటూ జంతువు పేరు మార్చి పాత పద్ధతినే కొత్తదిగా చూపే ధోరణి ఎక్కువైందని 2015లో కెన్నెత్ సోరెన్సెన్ గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శ ఈ రంగంలో బాగా తెలిసినదే.

మీకు ఆ బృందంతో సంబంధం ఉంటే ఆ సంగతి మీ వాడుకరి పేజీలో చెప్పి, వ్యాసాన్ని చర్చ పేజీలో ప్రతిపాదించండి. మీరే ప్రధాన పేరుబరిలో (వ్యాసాలుండే చోట) పెట్టకండి.

## రాసేటప్పుడు

వ్యాసంలో ఏమేం ఉండాలి? ఎంత పొడవుండాలి?

ప్రవేశికలో మూడు నాలుగు వాక్యాలు: ఇది ఏమిటి, ఏ రకం సమస్యకు వాడతారు, దేని నుంచి స్ఫూర్తి పొందింది, దేనికి హామీ ఇవ్వదు. ఆ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. తర్వాత పనిచేసే తీరు, చేత్తో చేసి చూపిన ఒక చిన్న ఉదాహరణ, రకాలు, చరిత్ర, పరిమితులు, ఉపయోగాలు.

ఉపయోగాల విభాగమే ఎక్కువగా చెడిపోతుంది. "వైద్యం, వ్యాపారం, వ్యవసాయం, రక్షణ రంగాల్లో వాడతారు" అన్న వాక్యం ఏ సాంకేతికతకైనా అతుకుతుంది, ఏమీ చెప్పదు. దానికి బదులు ఒక్క నిజమైన ఉదాహరణ రాయండి. 2006 మార్చిలో నాసా ప్రయోగించిన ఎస్‌టీ5 చిన్న ఉపగ్రహాల్లో పరిణామ అల్గారిథమ్‌తో రూపొందించిన యాంటెన్నాలు అమర్చారు. మెలికలు తిరిగిన తీగలా ఉండే ఆ ఆకారం మనిషి గీయడానికి పూనుకునేది కాదు. ఇలాంటిది ఒక్కటి ఉంటే పాఠకుడికి విషయం గుర్తుండిపోతుంది.

పొడవు లెక్క చూసేటప్పుడు బైట్లను నమ్మకండి. తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి యూనికోడ్ యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. పేజీ చరిత్రలో 9,000 బైట్లు అని కనిపిస్తే అది 3,000 సంకేతాలే, మాటల్లో సుమారు 400.

పుస్తకాల్లో ఉన్న ఉదాహరణే ఇస్తే తప్పా? అందరూ అదే ఇస్తున్నారు కదా.

అందరూ ఇస్తున్నారంటేనే ఒకచోటి నుంచి వచ్చిందని అర్థం. 0 నుంచి 31 లోపు సంఖ్య వర్గాన్ని గరిష్ఠం చేయడం, 13, 24, 8, 19 అనే నాలుగు మొదటి సంఖ్యలు, యోగ్యతలు 169, 576, 64, 361, మొత్తం 1170: ఈ అంకెలు డేవిడ్ గోల్డ్‌బర్గ్ 1989 పుస్తకంలోవి. ఇంటర్నెట్లో వేల నోట్సుల్లో మూలం పేరు లేకుండా తిరుగుతున్నాయి. వాడదలిస్తే ఆయన పేరు చెప్పి వాడండి. కానీ సొంతది తయారు చేయడం అంతకన్నా సులువు.

ఉదాహరణకు 8 బిట్ల వరుసలో అన్నీ 1లు కావాలనుకుందాం. ఎన్ని 1లు ఉంటే అంత యోగ్యత. 11010010 యోగ్యత 4, 01101101 యోగ్యత 5. నాలుగో బిట్ తర్వాత కోసి తోకలు మార్చితే 11011101, 01100010 వస్తాయి, యోగ్యతలు 6, 3. ఒక బిడ్డ తల్లిదండ్రులిద్దరినీ మించింది, రెండోది ఇద్దరికన్నా వెనకబడింది. మొత్తం మాత్రం 9గానే ఉంది. అంటే ఈ సమస్యలో వినిమయం కొత్త 1లను పుట్టించదు, ఉన్నవాటిని అటూ ఇటూ పంచుతుంది. కొత్తవి రావాలంటే ఉత్పరివర్తనం కావాలి. ఒక్కో బిట్ మారే సంభావ్యత ఎనిమిదిలో ఒకటి అయితే, ఏ బిట్టూ మారకుండా మిగిలే అవకాశం దాదాపు 34 శాతం.

ఎంపిక చూపడానికి యోగ్యతలు 6, 9, 3, 12 తీసుకోండి. మొత్తం 30 కాబట్టి, యోగ్యతను బట్టి ఎంపిక అవకాశం ఇచ్చే రౌలెట్ చక్రంలో వాటి వాటాలు 20, 30, 10, 40 శాతం. కాగితం మీదే లెక్క తేలే అంకెలు ఎంచుకోవాలి.

పారామీటర్ల విలువలు ఏవి రాయాలి? ఒక్కోచోట ఒక్కోటి ఉంది.

"ఇదే సరైన విలువ" అని రాయకండి. ఫలానావారు ఫలానాది సూచించారని రాయండి. బిట్ల వరుసల మీద ఉత్పరివర్తన రేటును వరుస పొడవుకు విలోమంగా పెట్టడం మామూలు, 100 బిట్లయితే 0.01. భేదాత్మక పరిణామంలో జనాభాను చరరాశుల సంఖ్యకు 5 నుంచి 10 రెట్లు పెట్టమని స్టోర్న్, ప్రైస్ సూచించారు. సహవిస్తృతి మాత్రికను సవరించుకుంటూ పోయే పరిణామ వ్యూహంలో డిఫాల్ట్ జనాభా ఇలా వస్తుంది: చరరాశుల సంఖ్య సహజ సంవర్గమానాన్ని 3తో గుణించి, పూర్ణాంకానికి దించి, 4 కలపాలి. 10 చరరాశులకు అది 10. రెచెన్‌బర్గ్ నియమం ఇంకో రకం. ఉత్పరివర్తనాల్లో ఐదో వంతు కన్నా ఎక్కువ సఫలమైతే అడుగు (మార్పు పరిమాణం) పెంచాలి, తక్కువైతే తగ్గించాలి.

ప్రతి విలువ పక్కనా మూలం ఉండాలి. మూలం లేని అంకెను తరవాత ఎవరో "సరిచేస్తారు", దానికీ మూలం ఉండదు.

ఇలాంటి వ్యాసాల్లో తరచూ కనిపించే విషయపరమైన తప్పులు ఏవి?

మొదటిది, "అత్యుత్తమ పరిష్కారాన్ని కనుగొంటుంది" అనడం. అలాంటి హామీ లేదు. అత్యుత్తమ వ్యక్తిని (అంటే జనాభాలోని మేటి పరిష్కారాన్ని) తరం నుంచి తరానికి దాచిపెట్టుకోని మౌలిక జన్యు అల్గారిథమ్ సార్వత్రిక గరిష్ఠానికి అభిసరించదని 1994లో గ్యుంటర్ రుడాల్ఫ్ గణితపరంగా చూపించాడు. దాచిపెట్టుకుంటే అభిసరిస్తుంది. కానీ ఎంత కాలానికన్నది వేరే ప్రశ్న.

రెండోది, "అన్ని పద్ధతుల కన్నా మెరుగైనది" అనడం. సాధ్యమైన సమస్యలన్నిటి మీద సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరోదాన్ని మించదని వోల్పర్ట్, మెక్రెడీ 1997లో నిరూపించారు.

మూడోది, "నిర్మాణ ఇటుకల పరికల్పన"ను (మంచి చిన్న ముక్కలు కలిసే మంచి పరిష్కారాలు తయారవుతాయన్న ఊహను) రుజువైన సిద్ధాంతంలా రాయడం. దాని పేరులోనే పరికల్పన ఉంది, దాని మీద విమర్శలూ ఉన్నాయి. నాలుగోది, భేదాత్మక పరిణామంలోని ఉత్పరివర్తనాన్ని బిట్టు తిప్పడంగా వర్ణించడం. అక్కడ జరిగేది వేరు: రెండు సదిశల తేడాను ఒక గుణకంతో హెచ్చించి మూడో సదిశకు కలుపుతారు.

బహుళ లక్ష్యాల పద్ధతుల దగ్గర, కాన్పూర్ ఐఐటీలో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం చేసిన ఎన్‌ఎస్‌జీఏ-2ను ఆయన ఒక్కడి పేరుతో రాస్తుంటారు. 2002 నాటి ఆ వ్యాసానికి నలుగురు రచయితలు.

సూడోకోడ్ ఎత్తి పెట్టొచ్చా? అల్గారిథమ్‌కు కాపీహక్కు ఉండదంటారు కదా.

పద్ధతికి ఉండదు, దాన్ని రాసిన తీరుకు ఉంటుంది. పుస్తకంలోని సూడోకోడును వరుసల పేర్లు, వ్యాఖ్యలతో సహా దించితే అది కాపీయే. అడుగులు అర్థం చేసుకుని మీ చరరాశుల పేర్లతో, తెలుగు వ్యాఖ్యలతో రాయండి. మూడు నాలుగు అడుగుల పద్ధతిని ఎవరు రాసినా దాదాపు ఒకేలా వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. సూత్రాలూ అంతే. ఫార్ములా ట్యాగు లోపల మాత్రం గుర్తులే ఉంచి, తెలుగు వివరణ బయట రాయండి.

ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువదిస్తే అది కూడా కాపీయేనా?

అనుమతి ఉన్న కాపీ. ఆ పాఠ్యం క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 కింద ఉంది. రాసినవాళ్లకు పేరు దక్కాలన్నది దాని షరతు. దిద్దుబాటు సారాంశంలో "ఆంగ్ల వికీపీడియాలోని ఫలానా వ్యాసపు ఫలానా తేదీ కూర్పు నుంచి అనువాదం, రచయితల వివరాలు ఆ పేజీ చరిత్రలో" అని లింకుతో రాయండి. మరిచిపోతే, ఒక ఖాళీ జాగా చేర్చే చిన్న దిద్దుబాటు చేసి దాని సారాంశంలో ఆ మాట రాస్తే సరిపోతుంది. అనువాద పరికరంతో చేస్తే సారాంశం దానంతటదే వస్తుంది.

అక్కడి మూలాలను చూడకుండా తెచ్చుకోకండి. ఆ వ్యాసంలోనే కాపీ పాఠ్యం ఉంటే మీ అనువాదంతో అది తెవికీలోకీ వచ్చి పడుతుంది. అనువదించే ముందు అక్కడి చర్చ పేజీ, వ్యాసం పైన ఉన్న హెచ్చరికలు ఒకసారి చూడండి.

అనువాద పరికరం ఇచ్చినదాన్ని అలాగే ప్రచురిస్తే ఏమవుతుంది?

మార్పులు మరీ తక్కువైతే పరికరమే హెచ్చరిస్తుంది, పరిమితి దాటితే ప్రచురించనివ్వదు. పరిమితి లోపల ఉన్నంతమాత్రాన పాఠ్యం బాగుందనీ కాదు. ఈ రంగపు మాటలు యంత్రానికి ఉచ్చులు: యోగ్యత కాస్తా శారీరక దృఢత్వం అవుతుంది, మేటి వ్యక్తిని దాచుకునే పద్ధతి ఉన్నతవర్గవాదం అవుతుంది, అభిసరణ కలయిక అవుతుంది, అంతరాళం స్థలం అవుతుంది. "చేయబడుతుంది", "యొక్క" ప్రతి వాక్యంలో దిగబడతాయి. 2009-11 ప్రాంతంలో గూగుల్ అనువాద ప్రాజెక్టు కింద తెవికీలోకి వచ్చిన వ్యాసాలతో ఇదే అనుభవం. వాటిని శుద్ధి చేయడం మొదటినుంచి రాయడం కన్నా కష్టమైంది.

పేపరు ఉచితంగా దొరుకుతోంది. ఒక పేరా తీసుకుంటే తప్పేమిటి?

ఉచితంగా చదవనివ్వడం వేరు, వాడుకోనివ్వడం వేరు. మొదటి పేజీ అడుగున లైసెన్సు చూడండి. ఆట్రిబ్యూషన్ మాత్రమే ఉంటే పేరు చెప్పి వాడుకోవచ్చు. వాణిజ్యేతర వాడకానికే అన్నా, మార్పులు కూడదన్నా వికీపీడియాకు పనికిరాదు. ప్రీప్రింట్ సర్వర్లలోని పేపర్లు చాలావరకు పంపిణీ అనుమతితోనే ఉంటాయి, అదీ చాలదు. ఏ లైసెన్సూ రాయకపోతే అన్ని హక్కులూ రచయితవో ప్రచురణకర్తవో అనుకోవాలి. భారత చట్టం ప్రకారం ఆ హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. ఈ రంగంలో పాతబడి హక్కులు తీరిన పుస్తకం దొరకదు.

నాలుగు మాటలు మార్చాను, వాక్యాలు అటూ ఇటూ చేశాను. ఇంకా కాపీ అంటున్నారేమిటి?

వాక్యాల వరుస, పోలికలు, ఉదాహరణలు, పేరా మలుపులు అవే ఉంటే మాటలు మారినా మూలం కనబడుతూనే ఉంటుంది. దీన్ని తప్పించుకునే దారి ఒక్కటే: కనీసం రెండు మూలాలు చదవండి, మూసేయండి, అంశాలను చిన్న ముక్కలుగా సొంత వరుసలో రాసుకోండి, వాటి మీద వాక్యాలు కట్టండి, చివర్న మాత్రమే పుస్తకం తెరిచి అంకెలూ పేర్లూ సరిచూడండి. మూలాన్ని పక్క కిటికీలో తెరిచి పెట్టుకుని రాస్తే ఎంత జాగ్రత్తపడినా దాని నీడ పడుతుంది.

పుస్తకంలోని రేఖాచిత్రాన్ని మళ్లీ గీసి పెట్టొచ్చా?

యోగ్యత తరాల వెంట పెరిగే గ్రాఫు లాంటివి మీరే ప్రోగ్రాము నడిపి గీయండి. కామన్స్‌లో ఎక్కించేటప్పుడు కోడునూ, యాదృచ్ఛిక సీడునూ వివరణలో పెడితే ఇంకొకరు సరిచూడగలరు. ఇంగ్లీషు పేర్లున్న ఎస్‌వీజీ బొమ్మ కామన్స్‌లో ఇప్పటికే ఉంటే ఎస్‌వీజీ ట్రాన్స్‌లేట్ పరికరంతో తెలుగు పేర్లు చేర్చొచ్చు. పుస్తకపు బొమ్మను గీతకు గీత దించడం మాత్రం కాపీయే.

## కాపీని పట్టుకోవడం

చూడగానే అనుమానించాల్సిన గుర్తులు ఏవి?

ఒకే దిద్దుబాటులో 20,000 బైట్లు, వికీ లింకు ఒక్కటీ లేదు. "చిత్రం 3లో చూపినట్లు" అని ఉంటుంది, చిత్రం ఉండదు. "ఈ అధ్యాయంలో", "మేము ప్రతిపాదిస్తున్న పద్ధతి", "పైన చెప్పిన 4.2 సమీకరణం". చదరపు కుండలీకరణాల్లో 12, 17 అని అంకెలు, కింద జాబితా లేదు. వాక్యం మధ్యలో పంక్తి విరిగిపోవడం పీడీఎఫ్ నుంచి తెచ్చినదానికి గుర్తు.

పదజాలం కూడా చెబుతుంది. మొదటి పేరాలో "ఉత్పరివర్తనం", మూడో పేరాలో "మ్యుటేషన్", ఐదో పేరాలో "పరివర్తన" అని ఉంటే మూడు చోట్ల నుంచి వచ్చిందేమో చూడాలి. చర్చ పేజీలో రెండు వాక్యాలు రాయడానికే తడబడే వాడుకరి వ్యాసంలో గ్రాంథిక ధోరణిలో పది పేరాలు రాస్తే, అదీ ఒక సూచనే. ఇవన్నీ అనుమానాలు మాత్రమే, రుజువులు కావు.

వాక్యం మొత్తం గూగుల్లో పెట్టి వెతికాను, దొరకలేదు. అంటే కాపీ కానట్టేనా?

తెలుగులో ఆ మాట అనలేం. వెతుకులాట తప్పిపోవడానికి మూడు మామూలు కారణాలున్నాయి.

ఒకటి, కనిపించని అక్షరం. "అల్గారిథమ్‌ను" అన్న మాటలో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే చదివేవాళ్లకు ఒకటే అయిన మాటలు కంప్యూటరుకు వేరు. పోల్చే ముందు రెండు పాఠ్యాల నుంచీ దాన్ని తీసేయండి.

రెండు, విభక్తులు. "అల్గారిథాన్ని", "అల్గారిథమ్‌ని", "అల్గారిథమును" అని మార్చితే వరుస తెగిపోతుంది. అందుకని పూర్తి వాక్యం పెట్టకండి. అరుదైన మాటలున్న ఐదారు పదాల ముక్కను ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టి వెతకండి. వ్యాసం మొదట్లోది కాకుండా మధ్యలోది తీసుకోండి, ఎందుకంటే దాచాలనుకున్నవాళ్లు మొదటి పేరాను మారుస్తారు.

మూడు, పాత ఫాంట్లు. అను ఫాంట్లలో అచ్చయిన తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు యూనికోడ్ కావు, వాటిలోని పాఠ్యం వెతుకులాటకు అందదు. పాఠ్యపుస్తకం నుంచి అనుమానం ఉంటే పుస్తకం తీసి చూడాల్సిందే.

కాపీ పరీక్షించే పరికరం 40 శాతం చూపింది. వ్యాసం తీసేయాలా?

శాతం చూసి నిర్ణయించకండి, రంగు వేసిన ముక్కలు చదవండి. ఇయర్‌విగ్ కాపీవయో డిటెక్టర్ వరుస మాటల గుంపులను పోలుస్తుంది. పుస్తకాల పేర్లు, పత్రికల పేర్లు, సంస్థల పేర్లు, ఉల్లేఖనాలు కలిస్తే చాలు అంకె పెరుగుతుంది. మూలాల జాబితా పెద్దగా ఉన్న మంచి వ్యాసానికీ అలా రావచ్చు. మరోపక్క 8 శాతం చూపిన వ్యాసంలో ఒక పేరా యథాతథంగా దించినది ఉండొచ్చు.

తెలుగు వ్యాసాలకు పరికరాన్ని వెతకమనడం కన్నా, మీకు అనుమానమున్న పేజీ లింకు ఇచ్చి రెంటినీ నేరుగా పోల్చమనడం ఎక్కువ ఫలితమిస్తుంది.

అదే పాఠ్యం ఒక వెబ్‌సైటులో ఉంది. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో ఎలా తేల్చాలి?

వికీపీడియా పాఠ్యాన్ని పేరు చెప్పకుండా వాడుకునే సైట్లు, అచ్చువేసి అమ్మే పుస్తకాలు కూడా చాలా ఉన్నాయి. అందుకే తొందరపడొద్దు. ముందు వికీబ్లేమ్‌తో ఆ వాక్యం ఏ దిద్దుబాటులో వచ్చిందో కనుక్కోండి. ఆ సైటు పేజీకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మొదటి నకలు తేదీ చూడండి. సైటు పేజీ మీద ముద్రించిన తేదీని నమ్మకండి, అది ఎలాగైనా మార్చుకోవచ్చు.

తేదీలతో తేలకపోతే పాఠ్యం పెరిగిన తీరు చూడండి. తెవికీలో ఆ పేరా మొదట రెండు వాక్యాలుగా వచ్చి, ఒకరు అచ్చుతప్పు దిద్ది, ఇంకొకరు మూడో వాక్యం చేర్చి, చివరికి ఈ రూపానికి వచ్చి ఉంటే, పూర్తి రూపం ఉన్న సైటే మన నుంచి తీసుకున్నట్టు. ఒకే దెబ్బలో పూర్తిగా వచ్చి ఉంటే అనుమానం తెవికీ మీదికే మళ్లుతుంది. మనవాళ్లు తర్వాత సరిచేసిన తప్పు అక్కడ ఇంకా అలాగే ఉంటే, వాళ్లు పాత కూర్పు పట్టుకెళ్లారన్నమాట.

సైటు మన నుంచే తీసుకుందని తేలితే చర్చ పేజీలో ఆ సంగతి తేదీలతో రాసి పెట్టండి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి మళ్లీ అదే విచారణ మొదలుపెడతారు. అలాంటి సైటును వ్యాసానికి మూలంగా వాడకూడదు.

ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసి పెట్టారనిపిస్తోంది. రుజువు ఎలా?

అనుమతి లేని అనువాదం కూడా కాపీహక్కుల ఉల్లంఘనే. తెలుగు పేరాను యంత్రంతో ఇంగ్లీషులోకి తిప్పి, అందులోని అరుదైన ముక్కలతో పుస్తకాల వెతుకులాటలో చూడండి. మాటలు సరిగ్గా కలవవు కాబట్టి కంకాళాన్ని పోల్చాలి: ఉదాహరణలోని అంకెలు, పట్టికలోని అడ్డువరుసల క్రమం, అంశాలు వచ్చే వరుస, మూలంలోని తప్పు. అంకెలు అబద్ధం చెప్పవు. గోల్డ్‌బర్గ్ 1989 ఉదాహరణలోని 1170 మొత్తం, 293 సగటు కనబడ్డాయంటే ఆ పేరా ఏ పుస్తకం దారిలో వచ్చిందో వెతకనక్కర్లేదు. మూలంలోని అచ్చుతప్పు అనువాదంలోనూ ఉంటే అంతకన్నా రుజువు అక్కర్లేదు.

చాట్‌బాట్‌తో రాయించినదని ఎలా తెలుస్తుంది?

శైలిని బట్టి ఖాయంగా చెప్పలేం, మూలాలను బట్టి చెప్పొచ్చు. ప్రతి డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు) తెరవండి. తెరుచుకోకపోయినా, వేరే వ్యాసానికి వెళ్లినా కల్పించిన మూలం అయ్యుండొచ్చు. ఐఎస్‌బీఎన్ చివరి అంకె లెక్కకు కుదురుతుందో లేదో చూడండి. వికీ మార్కప్‌లో బొద్దు అక్షరాలకు మూడు ఏకోద్ధరణ చిహ్నాలు వాడతాం, వాటికి బదులు జంట నక్షత్రాలు మిగిలిపోయి ఉంటాయి. లింకు చివర చాట్‌బాట్ పేరు అంటుకుని ఉంటుంది. ఉన్న పేపరుకే లేని నిర్ణయాన్ని అంటగట్టడం ఇంకా ప్రమాదం, డీఓఐ సరిగ్గానే తెరుచుకుంటుంది మరి. కనీసం రెండు మూలాల సారాంశాలు చదివి వాక్యంతో పోల్చండి.

## తేలిన తర్వాత

వెంటనే తీసేయాలా, ముందు చర్చ పేజీలో అడగాలా?

మూలం దొరికి, లైసెన్సు కుదరదని తేలితే వెంటనే తీసేయండి, తర్వాత చర్చించండి. చరిత్రలో శుభ్రమైన పాత కూర్పు ఉంటే దానికి తిరగ్గొట్టండి. దిద్దుబాటు సారాంశంలో మూలం లింకు తప్పనిసరి. మొదటి కూర్పు నుంచీ అంతా కాపీయే అయితే కాపీహక్కుల మూస పెట్టి నిర్వాహకులకు తెలపండి. అనుమానమే ఉండి రుజువు లేకపోతే చర్చ పేజీలోనే అడగండి.

తీసేశాను. కానీ పాత కూర్పుల్లో అలాగే కనిపిస్తోంది కదా?

అవును, అందుకే నిర్వాహకులు ఆ కూర్పులను దాచాలి. కాపీ చేరిన కూర్పు, తీసేసిన కూర్పు రెంటి లింకులూ, మూలం లింకూ ఇచ్చి అభ్యర్థించండి. మధ్యలో వేరేవాళ్లు చేసిన మంచి దిద్దుబాట్లుంటే వాళ్ల పేర్లు చరిత్రలో మిగిలేలా పాఠ్యాన్ని మాత్రమే దాచమనండి.

కాపీ పాఠ్యాన్ని నేనే తిరగరాసేస్తే సరిపోదా?

దాని మీదే దిద్దుకుంటూ పోతే అస్థిపంజరం పాతదే మిగులుతుంది. పాఠ్యం తీసేసి, మూలాల పేర్లు మాత్రం రాసుకుని, ప్రయోగశాలలో (మీ సాధన పేజీలో) ఖాళీ పేజీ నుంచి మొదలుపెట్టండి.

చేసినాయన కొత్తవాడు. ఏమని రాస్తే బాధపడకుండా ఉంటాడు?

దొంగతనం, చౌర్యం అనే మాటలు వద్దు. ఏ పేరా, ఎక్కడిది, ఎందుకు తీసేశారు, బదులుగా ఏం చేయొచ్చు అన్నవి రాయండి. ఉదాహరణకు: "జన్యు అల్గారిథమ్ వ్యాసంలో 'ఎంపిక పద్ధతులు' విభాగం ఫలానా సైటులోని పాఠ్యంతో కలుస్తోందండీ. ఆ సైటు లైసెన్సు మనకు కుదరదు కాబట్టి తొలగించాను. అదే విషయాన్ని మీ మాటల్లో, మీ సొంత ఉదాహరణతో రాస్తే వ్యాసం బాగుంటుంది. ప్రయోగశాలలో రాసి చెప్పండి, చూస్తాను." ఆ తర్వాత ఆయన మిగతా దిద్దుబాట్లు కూడా చూడండి. ఒకచోట కాపీ దొరికితే తరచుగా ఇంకోచోటా ఉంటుంది. హెచ్చరించాక కూడా కొనసాగితే నిర్వాహకులకు చెప్పాలి.

నా బ్లాగులో నేనే రాసినది తెచ్చి పెట్టాను. అదీ ఉల్లంఘనేనా?

మీరేనని చూసేవాళ్లకు తెలియదు కదా. బ్లాగు పేజీలోనే "ఈ పాఠ్యాన్ని క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 కింద విడుదల చేస్తున్నాను" అని రాసి పెడితే చిక్కు తీరుతుంది. లేదా వికీమీడియా అనుమతుల బృందానికి ఆ బ్లాగుకు చెందిన ఈమెయిల్ నుంచి రాయొచ్చు. పత్రికలో అచ్చయిన వ్యాసమైతే ముందు మీ ఒప్పందం చూసుకోండి, హక్కులు పత్రికకు రాసిచ్చి ఉండొచ్చు. లైసెన్సు కుదిరినా బ్లాగే మూలంగా నిలవదు. ప్రతి వాక్యానికీ పుస్తకమో పేపరో వేరే చూపించాలి.